విష్ణుక్రాంతకు కంప

మా ఊళ్లో ఖైరున్నీసాకు తెలిసినన్ని ఆకులు ఇంకెవరికీ తెలియవు. ఇది అభిమానంతో అంటున్న మాట కాదు. ఆ మధ్య ఎవరో కలుపు మొక్కల మీద రైతులకు నాలుగు మాటలు చెప్పడానికి వచ్చి, ఫొటోలు అతికించిన అట్ట ఎత్తి పట్టుకుని ఒక్కో మొక్క పేరూ అడిగారు. మా నాన్నతో సహా, ముప్పై నలభై ఏళ్లుగా పత్తీ మిరపా వేస్తున్నవాళ్లంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వెనకాల గోడ నీడన నిలబడ్డ ఖైరున్నీసా మాత్రం వరసగా పేర్లు చెప్పుకుంటూ పోయింది.

"ఎన్నెకరాలమ్మా నీకు?" అని అడిగాడు వచ్చినాయన.

"సెంటు కూడా లేదండి. రోడ్డు పక్కన ఏరుకునేదాన్ని" అంది.

ఆమె ఏరేది వినాయక చవితి పత్రి. ఏడాది పొడుగునా ఉండే పని కాదు. మిగతా రోజుల్లో మిరపకాయ కోతకో పత్తి తీతకో కూలికి వెళ్తుంది. భర్త జాన్ బాషా పరుపులు కుడతాడు. వాళ్లు నూర్‌బాషాలు. తాతల కాలం నుంచి దూది ఏకినవాళ్లు, ఇంట్లో కూడా మా తెలుగే మాట్లాడతారు. ఏకే యంత్రాలు వచ్చి దూది కొట్టే విల్లు మూలన పడ్డాక, ఖైరున్నీసా అత్త నరసరావుపేట బజారులో చవితి ముందు రోజు పత్రి అమ్మడం మొదలుపెట్టిందట. అత్త పోయాక అది కోడలికి వచ్చింది. సాయిబుల ఆకు లేకపోతే మా బజారులో వినాయకుడు పీట మీద కూర్చోడని పేటలో షాపుల వాళ్లు నవ్వుతుంటారు. ఆమె కూడా నవ్వుతుంది.

పక్కన కూర్చునే వాళ్లు గోనెపట్టా మీద ఏదో ఒక పచ్చాకు కుప్ప పోసి, పిడికెడు తీసి కవర్లో పెట్టి ఇస్తారు. ఈమె అట్లా ఇవ్వదు. ఇరవై ఒక్క రకాలనీ ఇరవై ఒక్క చిన్న కట్టలుగా అరటినారతో కట్టి, అన్నిటినీ కలిపి ఒక పెద్ద కట్ట చేస్తుంది. పూజలో ఏ పేరు చదివితే ఆ ఆకు చేతికి రావాలి. మామిడి, దానిమ్మ లాంటివి ఇళ్లలో అడిగి తెచ్చుకుంటుంది. మాచిపత్రి, మరువం పూలతోటల వాళ్లిస్తారు. దేవదారు మన నేల మీద దొరికేది కాదు కాబట్టి దాని బదులు ఏది పెట్టాలో అత్తే ఆ రోజుల్లో ఒక పంతులుగారిని అడిగి ఖాయం చేసుకుంది. మిగతావన్నీ రోడ్డు పక్కవే. ఉత్తరేణి, వాకుడు, ఉమ్మెత్త, జిల్లేడు, గరిక, విష్ణుక్రాంత.

నేను ఆమెను పిన్నీ అంటాను. మా అమ్మా ఆమే ఒకే ముఠాలో కూలికి వెళ్లేవాళ్లు. డిగ్రీ మధ్యలో వదిలేసి ఊళ్లో తిరుగుతున్న రోజుల్లో మూడేళ్లు వరసగా ఆమె వెంట పత్రికి వెళ్లాను. శాఖా గ్రంథాలయంలో ఎవరూ ముట్టుకోని అలమర ఒకటి ఉంది. వృక్షశాస్త్రం, నేలలు, అడవులు. అవన్నీ చదివాను. చదివిందాన్ని ఎవరికైనా చెప్పాలంటే వినేది ఆమె ఒక్కతే.

ఆమె దగ్గర ఒక పద్ధతి ఉంది. ఏ ఆకైనా సరే, మొదట కనిపించిన మొక్కను కొయ్యదు. దాన్ని చూసి, దాటి, రెండోదాని దగ్గర వంగుతుంది. వేరుతో పీకదు, గోటితో గిల్లుతుంది. ఎందుకని అడిగితే, "ఏమోరా, మా అత్త కొయ్యలేదు" అంటుంది.

మూడేళ్ల కిందట రోడ్డు వెడల్పు పనులు మొదలయ్యాయి. మా ఊరి మీదుగా అద్దంకి వైపు పోయే రోడ్డు అది. అంతకు ముందు ఆ రోడ్డుకు రెండు వైపులా, నల్లరేగడి చేలకీ తారుకీ మధ్య, రాళ్లు కలిసిన గరపనేల ఒక అంచులాగా ఉండేది. దున్నడానికి పనికిరాదు కాబట్టి దాన్ని ఎవరూ ముట్టుకునేవాళ్లు కాదు. పిన్ని పత్రి అంతా ఆ అంచులోనే. ఏ తూము పక్కన ఏముందో, ఏ కిలోమీటరు రాయి వెనక ఏముందో ఆమెకు ఇంట్లో డబ్బాలు తెలిసినట్టు తెలుసు. పొక్లెయిన్ వచ్చి ఆ అంచును రెండడుగుల లోతున గీకేసింది. టిప్పర్లు ఎక్కడి క్వారీ నుంచో ఎర్ర గ్రావెల్ తెచ్చి పోశాయి. గ్రేడర్ దాన్ని చదును చేసింది.

తొలకరికి ఆ గ్రావెల్ పచ్చబడింది. చూడబోతే అంతా వయ్యారిభామ, ఒంటికి తగిలితే దద్దుర్లు తెప్పించే కలుపు. చేల గట్ల మీద ఎప్పటి నుంచో ఉన్నదే, కొత్తదేం కాదు. కానీ కనుచూపు మేర రోడ్డుకి రెండు వైపులా తెల్లటి పూలతో అట్లా నిలబడటం ఎప్పుడూ చూడలేదు. దాని వెనకే చిల్లకంప. ఎక్కడ పడితే అక్కడ లేచే ముళ్లచెట్టు, కొట్టిన కొద్దీ పిలకలేస్తుంది.

"ఇన్ని విత్తనాలు ఎవరు చల్లార్రా?" అంది పిన్ని.

"ఎవరూ చల్లక్కర్లేదు. నేల కదిలితే ముందు వచ్చేవి ఇవే. పాత మొక్కల వేళ్లు పోయాయి, చోటు ఖాళీ. క్వారీ మట్టిలో కొన్ని, టిప్పర్ల టైర్లకు అంటుకుని కొన్ని."

"అసలు ఎక్కడిది ఇది?"

"అమెరికా వైపుది. గోధుమలతో కలిసి మన దేశానికి వచ్చిందంటారు."

"మనం వరన్నం తినేవాళ్లం గదరా."

"మీ ఆయనకి షుగర్ వచ్చిన దగ్గర్నుంచీ రోజూ చపాతీలేగా."

"అయితే మా ఆయన వల్లే వచ్చిందంటావు" అంది. జాన్ బాషాకి ఆ మాట చెప్పి వారం రోజులు ఏడిపించింది కూడా.

ఇక్కడితో ఆగితే కథ తేలిక. రోడ్డు తవ్వారు, పరాయి మొక్కలు వచ్చాయి, మన మొక్కలు పోయాయి. నేనూ అట్లాగే అనుకున్నాను, అట్లాగే ఆమెకు చెప్పాను. కానీ అదే ఏడాది ఉమ్మెత్త తవ్విన మట్టి గుట్టల మీద విరగబడి లేచింది. నాలుగు కిలోమీటర్లు నడిచి తెచ్చుకునేది ఇంటి వెనకాలే దొరికింది. జిల్లేడూ అంతే. ఉత్తరేణి ఎన్నడూ లేనంత ఏపుగా వచ్చి చీరంతా అంటుకుంది. "తవ్వితే పోతాయన్నావే" అంది పిన్ని, కొంగుకు అంటుకున్న గింజలు పీక్కుంటూ. కొన్ని పోతాయి, కొన్ని వస్తాయి అన్నాను. "ఏవి పోతాయో, ఏవి వస్తాయో ఆ పుస్తకంలో ఉందా?" అంది. లేదు. ఉన్నా మా గరపనేల గురించి ఎవరు రాశారు?

పోయింది మాత్రం విష్ణుక్రాంత. నేలకు అంటుకుని పాకే చిన్న మొక్క. ఆకు మీద సన్నటి నూగు. పువ్వు నీలం, చిటికెన వేలి గోరు కంటే చిన్నది, పొద్దున్నే విప్పారి ఎండెక్కితే ముడుచుకుంటుంది. తెలియనివాళ్లు దాని మీద నడిచి పోతారు. మొదటి ఏడాది అక్కడక్కడా దొరికింది. రెండో ఏడాది వెతకాల్సి వచ్చింది. పోయినేడు ఒక్క చోటే దొరికింది.

ఆ చోటు పాత మలుపు. రోడ్డును తిన్నగా చేసినప్పుడు ఒక వంపును వదిలేశారు. పగిలిన తారు ముక్క, పక్కన ముప్పై అడుగుల పొడుగు, నాలుగైదడుగుల వెడల్పున పాత గరపనేల అట్లాగే మిగిలింది. ఆదెయ్య అని మా ఊరి మేకలాయన, మధ్యాహ్నం పూట తన మందను అక్కడే ఆపుతాడు. ఆ మేకల గిట్టల మధ్యే విష్ణుక్రాంత ఉంది, తొక్కుడు పడి, కొరుకుడు పడి, నేలకు అతుక్కుని. పోయినేడు అది సరిగ్గా అరవై కట్టలకు సరిపోయింది. ఇంటికి వస్తూ పిన్ని సంచీలో చెయ్యి పెట్టి ఆకుల్ని రెండు మూడు సార్లు తడిమి చూసుకుంది. చివరికి, "వచ్చే ఏడు ఇది లేకపోతే ఇరవయ్యే అవుతాయి" అంది.

"అయితే ఏం? దేవదారు కూడా అసలుది కాదుగా."

"అది మా అత్త అడిగి పెట్టింది. లేనిదాని చోట ఇంకోటి నేను పెడితే దొంగతనం."

అప్పుడే నాకు ఆలోచన వచ్చింది. ఈ ఏడు జూన్‌లో, రెండు వానలు పడ్డాక, పాత మలుపు చుట్టూ కంప వేద్దామన్నాను. చేను కాపాడుకోవాలంటే మా వైపు ఎవరైనా చేసే పని అదే. కంప అంటే ఇప్పుడు దొరికేది చిల్లకంపే. పాత రోజుల్లో రేగుకంప వేసేవాళ్లు, ఇప్పుడు రేగు ఎక్కడుంది? గొడ్డలి పట్టుకుని ఇద్దరం ఒక పూటంతా కొమ్మలు కొట్టి ఈడ్చుకొచ్చాం. వాటికి ఎండిన కాయలు వేలాడుతున్నాయి. ఆ సంగతి అప్పుడు ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు.

సగం వేశాక ఆదెయ్య మేకలతో వచ్చాడు.

"ఏరా కోటేషూ, పొలం కొన్నావా ఇక్కడ?"

"పొలం కాదు బాబాయ్. ఇక్కడొక మొక్క ఉంది, నీ మేకలు తొక్కేస్తున్నాయి."

"మేకలు తొక్కక గాల్లో ఎగురుతయ్యా?"

"చవితి దాకా ఇంకో చోటికి తోలుకో."

ఆదెయ్య నన్ను వదిలేసి పిన్ని వైపు తిరిగాడు. "ఖైరమ్మా, ఇరవై ఏళ్లబట్టీ నా మేకలు ఇక్కడే పడుకుంటన్నయ్. నీ మొక్క అప్పట్నుంచీ ఉందా, లేదా?"

"ఉంది అన్నా."

"మరి?"

పిన్ని నా వైపు చూసింది. నా దగ్గర జవాబు ఉంది. అప్పుడు రోడ్డు పొడుగునా ఉండేది కాబట్టి ఇక్కడ మేకలు తొక్కినా తిన్నా లెక్కలోకి రాలేదు, ఇప్పుడు ఇదొక్కటే మిగిలింది కాబట్టి ముట్టుకోకుండా ఉంచాలి అన్నాను. అందులో తప్పేముందో ఇప్పటికీ నాకు వెంటనే కనిపించదు.

"పుస్తకాలోడితో మనకెందుకులే" అని ఆదెయ్య మందను రోడ్డు అవతలికి మళ్లించాడు. పోతూ పోతూ, "ఈ కంప నీకే గుచ్చుకుంటది చూడు" అన్నాడు. నాలుగైదు మేకలు మాత్రం వెనక్కి తిరిగి వచ్చి కంప దగ్గర కాసేపు నిలబడ్డాయి.

ఆ తర్వాత వారానికి నేను గుంటూరు వెళ్లిపోయాను. మిర్చి కోల్డ్ స్టోరేజీలో బస్తాల మీద లాట్ నంబర్లు వేసే పని దొరికింది. కళ్లలో ఎప్పుడూ మంట. జూలైలో ఒక ఆదివారం పిన్ని ఫోన్ చేసింది.

"కంప లోపల వయ్యారిభామ లేస్తోందిరా. జానెడు వచ్చింది. పీకనా?"

నాకు బాగా గుర్తు. నేను ఆలోచించి చెప్పాను. ఊరికే నోటికొచ్చింది చెప్పలేదు. "వద్దు పిన్నీ. పీకితే నేల కదులుతుంది. కదిలితే ఒకటి పోయిన చోట పది లేస్తాయి. రోడ్డు పక్కన చూశావుగా."

"కలుపు పీకొద్దంటావు."

"చేను వేరు, ఇది వేరు. ముట్టుకోకుండా వదిలేస్తే పాతవే నిలబడతాయి."

"నా జన్మలో ఈ మాట వినలేదు" అంది. మళ్లీ తనే, "సరే, చదివినోడివి. నీకు తెలుసు" అంది.

ఆ తర్వాత ఇంకో రెండు సార్లు ఫోన్ చేసింది. ఒకసారి మోకాలెత్తు వచ్చిందంది. ఇంకోసారి నడుమెత్తు. రెండు సార్లూ నేను అదే చెప్పాను. రెండోసారి ఆమె పీకనా అని అడగలేదు. ఎత్తు మాత్రం చెప్పి పెట్టేసింది.

చవితికి నాలుగు రోజుల ముందు సెలవు పెట్టి వచ్చాను. తెల్లవారగానే ఇద్దరం పాత మలుపు దగ్గరికి వెళ్లాం. కంప చెక్కుచెదరలేదు. లోపల మాత్రం నా ఛాతీ దాకా వయ్యారిభామ, పూసి, గింజ కట్టి, ఒకదానిలో ఒకటి చిక్కుకుని గోడ లాగా ఉంది. ఒక పక్క కంప ఈడ్చి లోపలికి వెళ్లాం. మొదళ్ల దగ్గర నీడ, తేమ. కంప కాయలు రాలిన చోటల్లా చిల్లకంప మొలకలు, అప్పుడే ముళ్లు పట్టుకుని. గొంతు దురద పుట్టింది.

పిన్ని మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో మొక్కల్ని విడదీసుకుంటూ వెతికింది. నేను రెండో చివర నుంచి వచ్చాను. గంట పట్టింది. మధ్యలో కలిశాం. ఆమె అరచేతుల మీద అప్పటికే దద్దుర్లు.

"ఇదిగో" అంది. ఒక్కటి. వెలుతురు కోసం నిటారుగా పైకి సాగి, దారప్పోగు లాగా సన్నబడి, పసుపు తిరిగిన కాడ ఒకటి. నాలుగు వేళ్లెత్తు. ఆకులు ఒకదానికొకటి దూరంగా, పల్చగా. పువ్వు లేదు.

"ఇంకా?"

"ఇంతే."

"కనీసం దీన్నయినా గిల్లు పిన్నీ. పంతులుగారింటికి ఒక్క కట్టకన్నా వస్తుంది."

ఆమె నా వైపు వింతగా చూసింది. "మొదట కనిపించింది ఇదే గదరా" అంది.

ఆమె దాని చుట్టూ ఉన్న వయ్యారిభామ నాలుగైదు మొక్కల్ని వేళ్లతో సహా పీకి అవతల పడేసింది. ఈసారి నన్ను అడగలేదు.

బయటికి వచ్చేసరికి ఆదెయ్య మేకలతో రోడ్డు అవతల నిలబడి ఉన్నాడు. వెటకారం చేస్తాడని కాచుకున్నాను. చెయ్యలేదు. అది ఇంకా బాధగా ఉంది. "ఏం, లేదా?" అన్నాడు.

"లేదన్నా" అంది పిన్ని. "నీ మేకలు పడుకునే చోట ఏమన్నా కనపడ్డదా, నీలం పువ్వు?"

"కొత్త చోటు గదమ్మా, ఇంకా వట్టి మట్టే. కిందటి నెల కేబుల్ కోసం కాలవ తవ్వి పూడ్చారు చూడు, తూము అవతల. అక్కడ ఏందో నేలబారుగా మొలుస్తంది. మేకలు మూతి పెడుతున్నయ్. నాకు పేర్లు తెలవ్వు."

వెళ్లి చూశాం. మోకాలి లోతు కాలవ తవ్వి, ఏ మట్టి తీశారో ఆ మట్టే మళ్లీ పూడ్చారు. గ్రావెల్ పొయ్యలేదు. వానకి అణిగిన ఆ మట్టి మీద, కాలవ పొడుగునా, రెండేసి ఆకుల మొలకలు. బియ్యపు గింజంత ఆకులు. పిన్ని బోర్లా పడుకున్నంత పని చేసి వాటిని చూసింది. గోటితో ఆకు వెనక తడిమింది.

"అదేనా?"

"నూగు ఉంది. కానీ నూగు ఇంకా చాలా వాటికి ఉంటుంది. పువ్వు వస్తే గానీ చెప్పలేను."

"ఎప్పుడొస్తుంది?"

"అదయితే రెండు నెలలు. కాకపోతే ఎప్పటికీ రాదు."

నేను ఆ కాలవ పక్కన నిలబడి ఎటూ తేల్చుకోలేకపోయాను. తవ్వడం వల్ల పోయింది అన్నాను, తవ్విన చోట మొలుస్తోంది. తొక్కుతున్నాయని మేకల్ని తోలేశాను, తొక్కని చోట చచ్చిపోయింది. పైన ఉన్న మట్టినే మళ్లీ పైన వేస్తే లోపల దాగున్న గింజలు లేస్తాయేమో, వేరే ఊరి మట్టి తెచ్చి కప్పితే వేరే ఊరి గింజలు లేస్తాయేమో. మేకలు వయ్యారిభామ తినకపోయినా, తొక్కి దాన్ని మొలకలోనే చంపేవేమో. లేదా ఇవేవీ కాక, ఈ ఏడు వానలు అట్లా పడ్డాయేమో. పిన్నికి ఇవన్నీ చెప్పబోయాను. ఆమె వినే స్థితిలో లేదు.

మర్నాడు పొద్దున్నే మొదటి బస్సెక్కి కనిగిరి వైపు వెళ్లాను. అక్కడి గుట్టల మీద ఉంటుందని ఎవరో అంటే విన్నాను. చేరేసరికి ఎండెక్కింది. పువ్వులు ముడుచుకున్న వేళ, నేలకు అంటుకున్న మొక్కల్లో ఏది ఏదో నాకు తెలియలేదు. దొరికినవన్నీ సంచీలో వేసుకుని సాయంత్రానికి తిరిగొచ్చాను. పిన్ని సంచీ గుమ్మరించి ఒక్కోటీ పక్కన పెట్టింది. ఇది పల్లేరు. ఇది నేల ఉసిరి. ఇది ఏదో నాకు తెలియదు. ఇది కూడా కాదు. ఆఖరుది కూడా పక్కన పెట్టి, "పోనీలే, అంత దూరం పోయావు" అంది. అప్పుడు తిట్టి ఉంటే బాగుండేది.

చవితి ముందు రోజు పొద్దున్న పేట బజారులో ఎప్పుడూ కూర్చునే చోటే గోనెపట్టా పరిచాం. అరవై కట్టలు. ఒక్కోదానిలో ఇరవై. పిన్ని ముందే నాతో చెప్పింది: "అడిగినా అడక్కపోయినా చెప్పే అమ్ముతాను. నువ్వు మధ్యలో ఏమీ మాట్లాడకు."

మొదట వచ్చింది పంతులుగారే. అత్త కాలం నాటి పంతులుగారి కొడుకు. ఏటా ఆయన కట్ట ఆయన కోసం విడిగా ఉంటుంది. పిన్ని దాన్ని చేతికి ఇవ్వకుండా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"అయ్యగారూ, ఈసారి విష్ణుక్రాంత లేదండి. ఎంత వెతికినా దొరకలా. ఇరవయ్యే ఉన్నాయి."

"అయ్యో, దానికేంటమ్మా" అన్నాడాయన, కట్ట కోసం చెయ్యి చాపుతూ. "ఏ పత్రం లేకపోతే ఆ పేరు దగ్గర అక్షింతలు వేస్తే సరిపోతుంది. ఎప్పుడూ ఉన్న పద్ధతే."

పిన్ని కట్ట ఇవ్వలేదు. "ఒక్కటి లేకపోతేనే అట్లానా అండి?"

"ఒకటయినా, రెండయినా. లేనివాటికి అక్షింతలే."

"పది లేకపోతే?"

"పదికీ వెయ్యొచ్చు. మనసు ముఖ్యం."

"ఇరవై ఒకటీ లేకపోతే అయ్యగారూ?"

పంతులుగారు నవ్వాడు. తర్వాత ఆమె మొహం చూసి నవ్వు ఆపేశాడు. "అట్లా ఎందుకు లేకుండా పోతాయమ్మా. నువ్వున్నావుగా" అన్నాడు. డబ్బులిచ్చి, కట్ట తనే తీసుకుని వెళ్లిపోయాడు.

పిన్ని ఆ డబ్బులు లెక్కపెట్టకుండానే కొంగున ముడేసుకుంది. ముప్పై ఏళ్లు ఆ ఒక్క అంకె కోసం ఆమె ఎండలో నడిచింది. ఒక ఏడు వాకుడు కోసం వెళ్తే పాము కరిచి బతికింది. ఇంకో ఏడు పచ్చి బాలింతగా వెళ్లిందని మా అమ్మ చెప్పేది. ఆయన మాటకు ఆమె సంతోషించాలో, ఏడవాలో నాకు తెలియలేదు. ఆమెకూ తెలిసినట్టు లేదు. ఆయన నెమ్మదస్తుడు, చెడ్డగా ఏమీ అనలేదు.

జనం పెరిగారు. పిన్ని చెప్పినట్టే చేసింది. ప్రతి ఒక్కరితోనూ ముందే, "ఇరవయ్యే ఉన్నాయమ్మా, విష్ణుక్రాంత లేదు" అంది. కొందరు, "అట్లానా" అని కట్ట తీసుకుని వెళ్లారు. ఒకావిడ, "ఇన్నాళ్లూ ఇరవై ఒకటి ఉండేవా? నేనెప్పుడూ లెక్కపెట్టలేదు" అంది. నలుగురైదుగురు ఒక్క నిమిషం తటపటాయించి పక్కాయన దగ్గరికి పోయారు. "ఇరవై ఒకటీ గ్యారంటీ, రండి రండి" అంటున్నాడతను. అతని కుప్పలో పైన ఉన్నది వయ్యారిభామ. ఆకు చీలికలు చూసి దాన్నే మాచిపత్రి అనుకుంటున్నారు. నేను లేవబోతే పిన్ని నా మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "పండగ పూట గొడవెందుకు. పిల్లలుంటే మాత్రం చేతులు కడుక్కోమని చెప్పు" అంది.

పదకొండు గంటలకల్లా, "విష్ణుక్రాంత దగ్గర అక్షింతలు వెయ్యండమ్మా, సరిపోతుంది" అని కూడా కలిపింది. పంతులుగారి గొంతులో ఉన్నంత తేలిగ్గా మాత్రం రాలేదు. ప్రతిసారీ ఆ మాట దగ్గర ఆగి, మింగి, అప్పుడు చెప్పింది.

కట్టలు పదిహేను మిగిలి ఉండగా, కాలేజీ పిల్ల ఒకతె వాళ్లమ్మతో వచ్చింది.

"విష్ణుక్రాంత అంటే ఎట్లా ఉంటుందండీ?" అని అడిగింది.

పిన్ని గోనె మీద చెయ్యి పెట్టి వెతికింది. చూపించడానికి ఏమీ లేదని ఆ చేతికి ఇంకా తెలియనట్టుంది. తర్వాత వేళ్లతో చూపించబోయింది. "ఇట్లా నేల మీద పాకుద్దమ్మా. ఆకు ఇంత. పువ్వు నీలం, ఇదిగో ఈ గోరంత ఉండదు."

ఆ పిల్ల ఫోన్ తీసి చకచకా ఏదో నొక్కి తెర తిప్పింది. "ఇదేనా?"

తెర నిండా ఒకే ఒక నీలం పువ్వు. అరచేయంత. రేకుల మీద గీతలు కూడా కనిపిస్తున్నాయి. పిన్ని ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుని దగ్గరికి తెచ్చుకుంది, దూరం పెట్టింది.

"ఇంత పెద్దది ఉండదమ్మా."

"ఫొటో కదండీ, దగ్గర్నుంచి తీశారు."

"కొంచెం చిన్నది చెయ్యి."

ఆ పిల్ల రెండు వేళ్లతో దగ్గరికి లాగింది. పువ్వు కుంచించుకుంది. ఇంకా చిన్నది చెయ్యమంది. ఇంకా లాగింది. చుట్టూ వేరే ఫొటోలు వచ్చాయి, అన్నీ నీలమే, కొన్ని పెద్దవి, కొన్ని తీగలు, కొన్ని కుండీల్లోవి. పిన్ని ఒక్కోదాని మీదా వేలు పెట్టి, ఇది కాదని తీసేసింది. వయ్యారిభామ దద్దుర్లు ఇంకా ఆ వేలి మీద ఉన్నాయి.

"అదేనా, కాదా అండీ?" అంది ఆ పిల్ల.

ఎప్పుడూ ఏ ఆకు చూపించినా క్షణం ఆలోచించని మనిషి. నేను పక్కనే కూర్చుని ఎదురు చూశాను.

"ఏమోనమ్మా" అంది పిన్ని. "అదే అయ్యుండొచ్చు. నేల మీద చూస్తే చెప్పేదాన్ని."

తల్లి కట్ట తీసుకుని డబ్బులిచ్చింది. ఆ పిల్ల ఫోన్ తిరిగి తీసుకుంటూ, వచ్చే ఏడాది ఉంటుందా అని అడిగింది. పిన్ని నా వైపు చూసింది, చదివినోడివి నువ్వు చెప్పు అన్నట్టు. నేను మిగిలిన పద్నాలుగు కట్టల్నీ గోనె మీద మళ్లీ వరసగా సర్దడం మొదలుపెట్టాను.